శాలువాలు ఆపి చదివింపులు రాయుండ్రి

మన వాడలో ఒక పిల్ల డిగ్రీ పాసైతే ఇప్పుడు ఏం జరుగుతున్నది? ముందు చౌరస్తాలో ఫ్లెక్సీ లేస్తది. అందులో పిల్ల ఫొటో తపాలా బిళ్లంత, శుభాకాంక్షలు చెప్పే నాయకుల ఫొటోలు తలుపులంత. తర్వాత అంబేడ్కర్ విగ్రహం కాడ సభ. ఎన్నడూ ఆ ఇంటి గడప తొక్కని పెద్దమనిషి మైకు పట్టుకొని, పిల్ల పేరు తప్పు పలికి, శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ఫొటో దిగి కారెక్కుతడు. తెల్లారి ఆ పిల్ల తల్లితోటి పత్తి ఏరబోతది. దీన్ని మనం సన్మానం అంటున్నం!

పాలమూరు ఎండల్లో శాలువా ఎవరు కప్పుకుంటరు? దేవరకొండ, మర్రిగూడ, అచ్చంపేట, కోస్గి – ఏ దిక్కు వాడకన్నా పోయి చూడుండ్రి. దూలానికి వేలాడే సంచిలో శాలువాలు, అర్రలో మూలకు దుమ్ముకొట్టుకపోయిన జ్ఞాపికలు. అమ్మబోతే కొనేటోడు లేడు. ఇచ్చినోడికి మాత్రం దాంతోని పని అయిపోయింది, పేపర్ల ఫొటో పడ్డది గనుక. ఈ లెక్కన మనం ఏటేటా చందాలు వేసుకొని నాయకులకే కానుకలిస్తున్నం.

సంబురం వద్దని నేనంటలేను. తాతలు వెట్టి చేసి, తండ్రులు పాలమూరు లేబరన్న పేరుమీద ఊరూరా డ్యాములకు, కాలువలకు మట్టి మోసినంక, ఇంట్లో మొట్టమొదట ఒకరు పట్టా తెచ్చుకుంటే డప్పు కొట్టాల్సిందే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇరవై ఏండ్లకు పైగా బడిలో పాఠం చెప్తున్న. నా దగ్గర చదివిన పిల్లలు డిగ్రీ అయినంక వచ్చి "సార్, ఇగ ఏం చెయ్యాలె?" అని అడుగుతరు. అడిగే పిల్ల మెడలో దండ వాసన ఇంకా పోయి ఉండదు, చేతిలో హైదరాబాదు పొయ్యే పైసలుండవు.

మిత్రులారా, ఒక సంగతి మనం చూస్తలేము. మన పిల్లలకు డిగ్రీ అంటే ఒక రకంగా ఖాళీ చేయమనే నోటీసు. ఆఖరి పరీక్ష రాసినంక హాస్టలు మంచం పోతది, మెస్సు అన్నం పోతది, స్కాలర్‌షిప్పు పోతది, స్టూడెంటు బస్సు పాసు పోతది. మూడేండ్లు అరకొరగానన్నా సర్కారు పెట్టిన తిండి, సరిగ్గా కొలువు వెతుక్కునే యాళ్లకు బందయితది. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, అదొక్కటి నయం. మగపిల్లలకు నల్లగొండ నుంచి హైదరాబాదు పోయి రావాలంటే కూడా ఇంట్లో కోడిని అమ్మాల్సిందే.

సర్టిఫికెట్లన్నా చేతిలో ఉంటయా? ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు సర్కారు నుంచి కాలేజీకి రావాలె. రాకుంటే కాలేజీ సర్కారు గల్లా పట్టదు, పిల్ల గల్లా పడతది. ఫీజు కట్టి టీసీ, మెమోలు తీసుకపొమ్మంటది. బకాయిలు ఎంత ముదిరినయంటే 2025 నవంబరులో ప్రైవేటు యాజమాన్యాలే రాష్ట్రమంతటా కాలేజీలు బందు పెట్టినయి. యాజమాన్యాలు బందు పెడితే సర్కారు పిలిచి మాట్లాడింది. టీసీ కోసం కౌంటరు ముందు నిలబడ్డ కూలోళ్ల బిడ్డను ఎవరు పిలిచిండ్రు? విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. ఆ కాగితం ఎన్ని వాడలకు చేరింది? శాలువా కప్పే నాయకుడు ఆ కాగితం పట్టుకొని పిల్లతోపాటు ప్రిన్సిపాలు రూముకు ఒక్కపూట పోతే అది పది సన్మానాల పెట్టు. కానీ అక్కడ ఫొటోగ్రాఫరుండడు. పైగా ఆ కాలేజీ ఓనరు ఆయన పార్టీయే అయి ఉంటడు.

పట్టా రాంగనే కొలువు రాదు. గ్రూప్-1 కథ చూడుండ్రి. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టిండ్రు. పేపర్లు లీకైనయని 2023 మార్చిలో రద్దు చేసిండ్రు. జూన్‌లో మళ్లా పెట్టిండ్రు. సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషను, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఒక్క పరీక్షకు రెండేండ్లు! ఆ రెండేండ్లు అశోక్‌నగర్‌లో రూము కిరాయి ఎవరు కట్టాలె? భూమి ఉన్నోని కొడుకు కౌలు పైసలతోని ఇంకో యాడాది కూచున్నడు. మన పిల్లగాడు రెండో రద్దుకే పుస్తకాలు మూటగట్టి ఊరికొచ్చిండు, లేకుంటే ఇంటింటికి అన్నం పొట్లాలు చేరేసే బండి ఎక్కిండు. చివరికి కూచున్నోనికి కొలువొస్తే దాన్ని మెరిట్టు అంటరు. నేనైతే రూము కిరాయి అంట.

ఫీజులు వేరే. 2023లో 400 ఉన్న టెట్ ఫీజును 2024 వేసవిలో ఒక పేపరుకు 1000, రెండింటికి 2000 చేసిండ్రు. లొల్లి అయినంక ఆ ఏడు చివర్లో 750కి, 1000కి దించిండ్రు. 2024 డీఎస్సీకి ఒక్కో పోస్టుకు 1000. కైకిలి పోయే తల్లికి వెయ్యి రూపాయలంటే మూడు దినాల కూలి. 2025 ఏప్రిల్ 14 నుంచి మనల్ని మూడు గ్రూపులు చేసి వర్గీకరణ అమలు చేసిండ్రు. దానిమీద మాలో మాకు వాదాలున్నయి, ఉంటయి. ఫీజు కౌంటరు కాడ మాత్రం మూడు గ్రూపులోళ్లం ఒకే వరుసలో నిలబడి జేబులు తడుముకుంటున్నం.

అంబేడ్కర్ విగ్రహం కాడనే ఈ శాలువాలు కప్పుతరు గనుక, అంబేడ్కర్‌కే ఏం కానుకలొచ్చినయో చూద్దాం. 1907లో ఆయన మెట్రిక్ పాసైతే బొంబాయిలో సభ పెట్టి అభినందించిండ్రు. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తను మరాఠీలో రాసిన బుద్ధుని జీవితచరిత్ర ఇచ్చిండు. ఈ ముచ్చట మన ఉపన్యాసకులందరికీ కంఠతా వచ్చు. అక్కడికే ఆపుతరు. కేలూస్కర్ అక్కడికే ఆపలేదు. పైసల్లేక కాలేజీ చదువు ఆగే పరిస్థితి వస్తే ఆ పిల్లవాణ్ని వెంటబెట్టుకొని బరోడా మహారాజు సాయాజీరావు దగ్గరికి పోయి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్పు ఇప్పించిండు. (నాలాంటి టీచర్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదువుకోవాలె.) ముల్లర్ అనే ప్రొఫెసరు పుస్తకాలు అరువిచ్చిండు, తొడుక్కోను బట్టలిచ్చిండు. 1912లో బి.ఏ. అట్ల పూర్తయింది. 1913లో అమెరికా పోయింది కూడా అదే మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేండ్లకు ఒప్పుకున్న డబ్బుతోటే. పుస్తకం మన నాయకులకు గుర్తున్నది. పాతికరూపాయలు, బట్టలు ఎందుకు మరిచిపోతరు?

అంత చదువు చదివి 1917లో బరోడా కొలువుకు పోతే ఆయనకు కరువైందేంది? తలదాచుకునే గది! ఊర్ల ఎవ్వరూ ఇయ్యలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకొని ఉంటే పదకొండో దినం కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. ఎరుకైన మిత్రులు కూడా ఇంట్ల పెట్టుకోలేదు. రైలు టైము దాకా పార్కులో కూచొని బొంబాయికి వాపసు పోయిండు. ఇది ఆయనే రాసుకున్న సంగతి. వందేండ్లు దాటినయి. ఇయ్యాల హైదరాబాదులో మన పిల్ల రూము అడగబోతే "మీరేమోళ్లు?" అన్న ప్రశ్న ఆగిందా?

ఇక్కడ మన ఉద్యోగస్తులను ఒక మాట అడగాలె. నల్లగొండ రోడ్డు పట్టుకొని పోయి ఎల్బీనగర్‌లో, వనస్థలిపురంలో ఇండ్లు కట్టుకున్న అన్నలారా, అక్కలారా! రిజర్వేషన్ కొలువు మన అందరి కొట్లాటతోని వచ్చిందని సభల్లో మీరే చెప్తరు. మీ మేడమీద గది ఉన్నది. మీ ఊరి వాడనుంచి వచ్చిన ఒక్క పిల్లకు, ఒక్క పిల్లగానికి ఏడాదిపాటు ఆ గది ఇయ్యుండ్రి. కులం అడగకుండ గది ఇచ్చేటోళ్లు పట్నంలో ఇంకెవరున్నరు? శాలువా తెచ్చే పని తప్పుతది మీకు.

కొందరు కామ్రేడ్లు అంటున్నరు: "ఇదంతా సర్కారు చెయ్యాల్సిన పని, మనం చేస్తే సర్కారు తప్పించుకుంటది." సర్కారు చెయ్యాల్సిందే. బకాయిల కోసం కలెక్టరాఫీసు ముందు కూచునుడు ఆపమని ఎవరన్నరు? కానీ రోహిత్ వేముల సంగతి యాది చేసుకోండి. 2016 జనవరిలో ఆయన చనిపోయేటప్పటికి ఏడు నెలల ఫెలోషిప్పు రావాల్సి ఉన్నది, లక్షా డెబ్బై అయిదు వేలు. ఆఖరి ఉత్తరంలో కూడా ఒక మిత్రుని బాకీ తీర్చమని రాసిండు. విశ్వవిద్యాలయం పైసలు ఆపిన నెలల్లో మనిషిని నిలబెట్టింది సోపతిగాళ్ల జేబులే. ఆ జేబులు ఎంత చిన్నవో కూడా మనకు తెలుసు. అందుకే ఒక్క సోపతిగాని మీద పడకుండ వాడంతా పంచుకోవాలంటున్న.

ఇంకొకరు దొర దగ్గరికి పోదామంటరు. ఎన్నికల ముందు పుస్తకాల కిట్లు పంచే దొరలు శానామంది తయారైండ్రు. ఆ కిట్టు మీద ఆయన ఫొటో ఉంటది, ఆ పిల్ల నెత్తిమీద ఆయన బాకీ ఉంటది. రేపు భూమి పంచాయితీలో ఆ పిల్ల నోరు తెరవొద్దు గదా!

మనకు మన పద్ధతే ఉన్నది. పెండ్లిల మనం ఏం చేస్తం? పందిట్ల ఒకరు నోటుబుక్కు పట్టుకొని కూచుంటరు. మేనమామ ఇంత, వదినె ఇంత, పాలోళ్లు ఇంత అని పేరుపేరునా గట్టిగ చదివి రాస్తరు. వాటినే చదివింపులు అంటం. పేరే చదివింపులు, మరి చదివిన పిల్లకెందుకు లేవు? పెండ్లికి అయిదు వందలు రాపిచ్చిన మేనత్త డిగ్రీకి పూలదండతో సరిపెడుతున్నది. అడిగేటోళ్లు లేరు గనుక!

డిగ్రీ ఫలితాలొచ్చిన వారంలో కమ్యూనిటీ హాలులో కూచోవాలె. నోటుబుక్కు తెరవాలె. పైసలున్నోళ్లు పైసలు రాపిస్తరు. లేనోళ్లు రూముకు నెలనెలా పది కిలోల బియ్యం రాపిస్తరు. దర్జీ పనిచేసేటాయన ఇంటర్వ్యూకు తొడుక్కునే రెండు జతలు కుట్టిస్తడు. చెప్పులు కుట్టేటాయనకు మనం చెప్పాల్సిన పని లేదు, మంచి బూట్ల జత తెస్తడు. టీచరు ఫారాలు నింపి, గడువు తేదీలు గుర్తుచేసుడు రాపిస్తడు. నోరున్న ఇద్దరు టీసీ కోసం కాలేజీకి పొయ్యే రోజు రాపిస్తరు. వానకు తడవని సంచి, సర్టిఫికెట్ల జిరాక్సులు అయిదు సెట్లు, కళ్లజోడు, టేబులు ఫ్యాను, వాడిన ల్యాప్‌టాప్ – ఇవి కానుకలు. పైసలు ఆ పిల్ల సొంత ఖాతాలో పడాలె. అయ్య చేతికి ఇయ్యొద్దు, అన్న చేతికి అసలే ఇయ్యొద్దు. "ఫోను కొన్నవా, చాయ తాగినవా" అని లెక్కలడిగే హక్కు ఎవరికీ లేదు. నాయకుడు శాలువాల లెక్క ఎన్నడన్న చెప్పిండా?

పెండ్లి చదివింపులు ఇచ్చినోళ్లకే వాపసు పోతయి. ఇవి మాత్రం పోవద్దు. కొలువొచ్చినంక ఆ పిల్ల ఆ మొత్తాన్ని అదే నోటుబుక్కులో మరుసటి ఏడు పాసైన పిల్ల పేరుమీద రాపియ్యాలె. రాకుంటే బాకీ లేదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. మార్కుల మెమో రాకముందే చీరె పెట్టి "ఇగ పెండ్లెప్పుడు" అని అడిగే చుట్టాలను వాకిట్లనే ఆపాలె. నోటుబుక్కులో మొదటి పద్దు తల్లిదండ్రులది కావాలె: "రెండేండ్లు సంబంధాలు చూడం" అని వాడ ముందు రాపియ్యాలె. రూపాయి ఖర్చు లేని కానుక ఇది. ఇదే అందరికన్న కష్టంగా ఇస్తరని నాకెరుక.

ఏప్రిల్ 14 కమిటీలకు మనవి. శాలువాలు, మెమెంటోల ఆర్డరు ఇంకా ఇయ్యకుంటే ఇయ్యకుండ్రి. ఇచ్చి ఉంటే దుకాణపాయనను అడగుండ్రి, సగమన్న వాపసు తీసుకుంటడేమో.