వెళ్లిపోయిన ఉద్యోగికి మెయిల్ తలుపు ఇంకా తెరిచే ఉందా?

ఉద్యోగి సంస్థను వదిలి వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డు, ల్యాప్‌టాప్ తిరిగి తీసుకుంటారు. మరి ఈమెయిల్, వైఫై, ఫైల్ సర్వర్‌లకు వేర్వేరుగా ఉన్న ఖాతాల మాటేమిటి? ఒక్కటి మరిచిపోయినా తలుపు తెరిచి ఉంచినట్లే. సంస్థ సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఎన్‌క్రిప్షన్, స్పామ్ వడపోతల సంగతి కాదు. లోపలికి వస్తున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఈమెయిల్ పుట్టినప్పుడు ఈ ప్రశ్న లేదు. 1982 నాటి ఎస్‌ఎంటీపీ ప్రమాణంలో ఉత్తరం పంపిన వ్యక్తి అసలువాడో కాదో తేల్చే ఏర్పాటే లేదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ వంటి తనిఖీలు తర్వాత వేసిన అతుకులు.

కేంద్రీకృత ధ్రువీకరణలో సిబ్బంది ఖాతాలన్నీ ఎల్‌డాప్ వంటి ఒకే డైరెక్టరీలో ఉంటాయి. అక్కడ ఒక ఖాతాను ఆపేస్తే, దానిపై ఆధారపడిన సేవలన్నింటిలోనూ ఆ వ్యక్తి కొత్తగా లాగిన్ కాలేడు. 1980లలో అమెరికాలోని ఎంఐటీలో రూపొందిన కెర్బరోస్ మరో అడుగు ముందుకు వేసింది. ఇందులో పాస్‌వర్డు నెట్‌వర్క్‌పై ప్రయాణించదు. దాని బదులు కొన్ని గంటలే చెల్లే డిజిటల్ టికెట్టు వెళుతుంది. సినిమా టికెట్టులాగే ఆట అయిపోతే అదీ చెల్లదు.

టికెట్టుకు గడువు ఉందంటే గడియారాలు కలవాలి. సర్వర్ల మధ్య తేడా సాధారణంగా 5 నిమిషాలు దాటితే కెర్బరోస్ లాగిన్‌ను తిరస్కరిస్తుంది. అంటే భద్రతకు రహస్యం ఒక్కటే చాలదు, సరైన కాలమానమూ కావాలి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు గడియారాలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్లతో, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతో సరిచూసుకోవాలనీ, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ చెప్పాయి. దీన్ని కాగితాల తతంగం అనుకోకూడదు. గడియారాలు కలవకపోతే, దాడి జరిగాక ఏది ముందో ఏది వెనకో తేల్చడం కష్టం.

అన్ని తలుపులకూ ఒకే తాళంచెవి అయితే అది పోయిన రోజున అన్నీ పోవా? ఈ అభ్యంతరం న్యాయమైనదే. అయితే పది తాళాలున్నచోట కూడా చాలామంది పదింటికీ ఒకే పాస్‌వర్డు పెడతారు. పది తలుపులకు అరకొర కాపలా కన్నా ఒక్క తలుపుకు గట్టి కాపలా నయం. అందుకు రెండంచెల ధ్రువీకరణ, అదనంగా మరో డైరెక్టరీ సర్వర్, అతి తక్కువమందికే నిర్వాహక హక్కులు ఉండాలి. అంత నిర్వహణ చేతకాని చిన్న సంస్థ మెయిల్‌ను నమ్మకమైన సేవాసంస్థకు అప్పగించడమే మంచిది. అప్పుడు కూడా ఎవరు చేరారు, ఎవరు వెళ్లారు అన్న జాబితా బాధ్యత సంస్థదే. నిరుడు వెళ్లిపోయిన ఉద్యోగి ఖాతా ఇంకా పనిచేస్తోందా అని ఈ వారమే చూడండి. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు.