బొమ్మల చిత్రములు - మూలగ్రంథములు

ప్రసిద్ధ గ్రంథములను బొమ్మల చలనచిత్రములుగా మార్చువారు మూలమునకు ఎంతవరకు కట్టుబడియుండవలెనను ప్రశ్న, పిల్లలు గల ప్రతి గృహమునకును సంబంధించినది. నేటి బాలుడు పుస్తకము విప్పుటకు ముందే తెరను చూచుచున్నాడు. మొదట కంటబడిన రూపమే వాని మనస్సున స్థిరపడును.

రడ్యార్డ్ కిప్లింగు 1894లో ప్రకటించిన ‘జంగిల్ బుక్’నే తీసికొందము. మన దేశపు సివనీ కొండలలో జరిగినట్లు వ్రాసిన మౌగ్లీ కథలలో బాలూ యను ఎలుగుబంటి అడవి ధర్మమును బోధించు కఠినుడైన గురువు. కొండచిలువ కా, మౌగ్లీని కోతుల చెరనుండి విడిపించిన మిత్రుడు. కోతులకు నాయకుడు లేడు, కట్టుబాటు లేదు. అందుచేతనే తక్కిన మృగములు వానిని వెలివేసినవి.

1967లో వెలువడిన డిస్నీవారి చిత్రమున బాలూ పాటలు పాడుచు ప్రొద్దు పుచ్చు సోమరి. కా బాలుని మ్రింగజూచు దుష్టుడు. కోతులకును ఒక రాజు వెలసెను. ఆ రాజు ఒరాంగుటాను. అది బోర్నియో, సుమత్రా దీవుల జంతువేగాని మన యడవులది కాదు. ఒక రచయితకు పుస్తకము చేతికిచ్చి, దీనిని చదువవలదని వాల్ట్ డిస్నీ చెప్పెనని ప్రతీతి. చిత్రము రమ్యమైనదే, లోకము మెచ్చినదే. కాని రక్షకుని భక్షకునిగా చూపుట మార్పు గాదు, అపవాదము.

అదే సంవత్సరమున సోవియట్ రష్యాలో రోమన్ దవీదొవ్ మౌగ్లీ కథను చేపట్టి, 1971 నాటికి అయిదు భాగములుగా ముగించెను. మూలమున మగదియైన నల్లచిరుత బఘీరా అందు ఆడదయ్యెను. ఇది చిన్న మార్పు గాదు. అయినను కా వివేకియగు మిత్రుడుగనే నిలిచెను. అడవి ధర్మమును చెడలేదు.

ఈ విచక్షణ మనకు క్రొత్తది కాదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క రామాయణమున లేనివారే. వారు మోటు హాస్యమాడి పోవుదురు. వారి వలన సీతారాముల శీలమునకు వెంట్రుకవాసి లోపమును రాలేదు. చేర్పులును, కుదింపులును కళకు తప్పవు. పాత్ర స్వభావమును తలక్రిందులు చేయుట మాత్రము వేరు. అట్లు చేయదలచినవారు పేరును గూడ మార్చుట న్యాయము. పేరు మూలకర్తది, గుణము తమది యనుట వ్యాపారమగును గాని కళ కానేరదు.

జపానీయుడు యుగో సాకో భారతీయ కళాకారుల తోడ్పాటుతో తీసిన రామాయణ చిత్రము 2025లో తెలుగు పలుకులతోను ప్రదర్శింపబడినది. ఇక ముందు మన పురాణపాత్రలు తెరపై మరింత తరచుగా కానవచ్చును. రేపటి బాలునికి కర్ణుడెట్టివాడో, ద్రౌపది యెట్టిదో చెప్పునది చిత్రకారుని కుంచెయే కావచ్చును. కావున చిత్రకారులారా, గీయుటకు ముందు చదువుడు. తలిదండ్రులారా, చిత్రము చూపిన పిదప గ్రంథమును పిల్లల చేతికిండు. రెంటికిని గల భేదమును వారే కనుగొందురు.