హాజరుపట్టీలో లేని కంట్రోలరు

పిల్లలూ! కిందటి నెల మా ధవళేశ్వరంలో ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడొకడు నాకో ప్రశ్న వేశాడు. "మాస్టారూ, పండక్కి మామయ్య గేమ్ కంట్రోలరు కొనిచ్చాడు. వాళ్ళింట్లో విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే బాగా ఆడింది. మా ఇంట్లో లినక్స్ కంప్యూటరుకు తగిలిస్తే ఉలకదు, పలకదు. కొట్టువాడు పాడైంది, కొత్తది కొనుక్కోమంటున్నాడు. నిజమేనా అండీ?"

నిజం కాదు. ఒక ఇంట్లో ఆడిన వస్తువు రెండో ఇంటికి రాగానే పాడవుతుందా? లోపం కంట్రోలరులో లేదు, కంప్యూటరులోనూ లేదు. ఆ రెంటికీ మాట కలిపే ప్రోగ్రాములో ఉన్నది. దాన్నే డ్రైవరు అంటారు. బస్సు డ్రైవరు కాదు సుమా!

మా ఊరి లాకులు చూశారా? ఆనకట్టకు ఎగువన గోదావరి మట్టం వేరు, కాలవ మట్టం వేరు. పడవ నేరుగా కాలవలోకి దిగలేదు. దాన్ని లాకులో నిలిపి, తలుపులు మూసి, నీళ్లు మెల్లగా తగ్గించి, మట్టాలు సమానమయ్యాక అవతలి తలుపులు తెరుస్తారు. డ్రైవరు పనీ అటువంటిదే. కంట్రోలరు పంపేవి వట్టి అంకెలు. ఆటకు కావలసినది "దూకు", "కుడికి తిరుగు" అనే సంగతి. నడుమ డ్రైవరు నిలబడి అటుది ఇటు దాటిస్తుంది.

లినక్స్‌ను 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దాని లోపలి రాతంతా ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు. ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్ల కోసం అందులో ఎక్స్‌ప్యాడ్ అనే డ్రైవరు ఉన్నది. 2002లో మార్కో ఫ్రీడెమన్ అనే ఆయన దాన్ని రాయగా, ఆపైన ఎందరో చేయి వేశారు.

యూఎస్‌బీ తీగతో తగిలించిన ప్రతి వస్తువూ ముందుగా రెండు సంఖ్యలు చెప్పుకుంటుంది. మొదటిది కంపెనీది, రెండవది సరుకుది. మన ఇంటిపేరు, పేరు లాగన్నమాట. మైక్రోసాఫ్టు ఇంటిపేరు 045ఇ. ఆ కంపెనీవారి ఎక్స్‌బాక్స్ 360 తీగ కంట్రోలరు పేరు 028ఇ. అంకెల్లో అక్షరమేమిటంటారా? ఈ లెక్కలో పదికి బదులు పదహారు గుర్తులు: 0 నుంచి 9 దాకా అంకెలు, ఆపైన ఆరు అక్షరాలు. నాలుగు స్థానాలు కనక 16×16×16×16, అనగా 65,536 ఇంటిపేర్లకు చోటున్నది.

ఎక్స్‌ప్యాడ్ దగ్గర ఇంటిపేర్లకొక పట్టీ, పేర్లకొక పట్టీ ఉన్నవి. ఇంటిపేరు తెలిసినదై, మాటతీరు సరిపోతే, పేరు కొత్తదైనా "రా నాయనా, కూర్చో" అంటుంది. ఇంటిపేరే లేకపోతే గడప దాటనివ్వదు. పట్టీకి ఎక్కని పిల్లవాడు బెంచీ మీద కూర్చున్నా హాజరు పడదు కదా! మన కుర్రవాడి చేత లినక్స్‌లో 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అనే ఆజ్ఞ టైపు చేయించాను. కంట్రోలరు సంఖ్యలు బయటపడ్డవి. అతని పాత లినక్స్‌లో ఆ ఇంటిపేరు లేదు, కొత్తదానిలో ఉన్నది. కొత్తది వేసుకోగానే కంట్రోలరు పలికింది. డబ్బు మిగిలింది.

ఇటువంటి పంక్తులను పట్టీకి చేర్చేది ఎక్కువగా ఎవరనుకున్నారు? కంట్రోలరు కొనుక్కుని, అది పలకక, డ్రైవరు తెరిచి చూసినవారే. పంపేవారు తమ పేరు సంతకంగా రాయాలి. డ్రైవరును చూసుకునేవారి వద్ద లోకంలోని కంట్రోలర్లన్నీ ఉండవు. కనక, వస్తువు చేతిలో ఉన్నవాడు ప్రతి బటనూ నొక్కి చూశానంటే ఆ మాటే ఆధారం. ఊహించి రాసి పంపితే అదే సరుకు కొన్న వారందరికీ తిప్పలు.

ఎందుకంటే పేరు కలిసినంత మాత్రాన పని అయిపోదు. కొన్ని చవక సరుకులు మైక్రోసాఫ్టు ఇంటిపేరూ పేరూ తామే చెప్పుకుని వస్తాయి. వేషం సరే, నడక తేడా. ఎక్స్‌బాక్స్ 360 తరహావి కొన్ని, డ్రైవరు ముందుగా ఒక ప్రత్యేకమైన పలకరింపు పంపితే గాని నోరు విప్పవు. ఆ పలకరింపు కూడా ఎక్స్‌ప్యాడ్‌లో రాసిపెట్టారు.

ఇంకొక తమాషా ఉన్నది. బొటనవేలితో తిప్పే స్టిక్కును పైకి నెడితే ఈ కంట్రోలరు ధన సంఖ్య పంపుతుంది, కిందికి లాగితే ఋణ సంఖ్య. లినక్స్ పద్ధతి దీనికి సరిగా తలకిందులు. గుర్తు మార్చేస్తే సరి అంటారా? హద్దులు −32,768 నుంచి 32,767 వరకే. −32,768 గుర్తు మారిస్తే 32,768 అవుతుంది, హద్దు దాటుతుంది! అందుకని ఎక్స్‌ప్యాడ్‌లో గుర్తు మార్చి, ఒకటి తీసివేసినంత ఫలితం వచ్చే ఉపాయం వాడారు. అప్పుడు −32,768 కాస్తా 32,767 అవుతుంది.

మరి నడిమధ్యన సున్నాలో నిలిచి ఉన్న స్టిక్కు ఈ లెక్క ప్రకారం ఏ సంఖ్య అవుతుంది? కాగితం మీద చేసి చూడండి. జవాబు వచ్చే నెల.