కుందేలు జలుబు – ఇంటి మందు

పెంపుడు కుందేలు తుమ్ముతూ, ముక్కు నుండి చిక్కని తెల్లని స్రావం కారుస్తూ ఉంటే, దానిని తుడుచుకున్న ముంగాళ్ళ లోపలివైపు వెంట్రుకలు అట్టకట్టి ఉంటే, చాలా సందర్భాలలో కారణం పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా. యజమానికి అది జలుబుగానే కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిల్లిన్ సిరప్‌ను కొద్దిగా పట్టిస్తాడు. కొద్ది రోజులలో కుందేలు మేత మాని, నీళ్ళ విరేచనాలతో మరణిస్తే, జలుబు ముదిరిందనుకుంటాడే తప్ప మందును అనుమానించడు.

కుందేలు తిన్న పీచు అంధనాళంలోని బాక్టీరియా వల్ల పులిసి జీర్ణమవుతుంది. నోటి ద్వారా ఇచ్చిన పెన్సిలిన్ వర్గపు మందులు, లింకోమైసిన్, క్లిండామైసిన్ ఈ మేలుచేసే బాక్టీరియాను నశింపజేయగా, క్లాస్ట్రీడియం స్పైరోఫార్మె విజృంభించి విషాన్ని విడుదల చేస్తుంది. కనుక మోతాదును శరీర బరువుకు తగినట్లు తగ్గిస్తే చాలునన్న భావన ఇక్కడ పనికిరాదు. కుందేళ్ళలో పెన్సిలిన్‌ను నిపుణులు సూది ద్వారా వాడుతున్నారు. గినీ పిగ్‌లకు ఆ వెసులుబాటు కూడ లేదు. పెన్సిలిన్ వాటి ప్రాణం తీస్తుందని 1943లోనే గుర్తించారు. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందం ఆ మందును చిట్టెలుకలపై పరీక్షించింది. వాటికి బదులు గినీ పిగ్‌లను ఎన్నుకొని ఉంటే పెన్సిలిన్ కథ ఏ మలుపు తిరిగేదో!

పశువైద్య విద్యార్థికి ఏ వ్యాధికి ఏ మందు ఇవ్వాలో నేర్పినంత శ్రద్ధగా, ఏ జీవికి ఏ మందు ఇవ్వరాదో కూడ నేర్పవలసి ఉన్నది. విస్తరణ కరపత్రంలోను ఈ హెచ్చరికే మొదటి వాక్యం కావాలి. కుందేళ్ళకు చికిత్స చేయగల వైద్యులు అన్నిచోట్లా అందుబాటులో ఉండరనే వాదనలో నిజం లేకపోలేదు. అయితే అటువంటిచోటనే ఈ హెచ్చరిక ఎక్కువ అవసరం. వైద్యుడు దొరికినప్పుడు స్రావాన్ని పరీక్షకు పంపి, ఎన్రోఫ్లాక్ససిన్ వంటి మందును ఎన్నుకోవచ్చు. అప్పటికీ పాశ్చురెల్లా పూర్తిగా తొలగిపోతుందని చెప్పలేము; ముక్కు లోపలి గదులలో దాగి, మళ్ళీ బయటపడుతుంది.

యజమాని చేయగలిగినది పంజరం దగ్గర ఉన్నది. మూత్రంతో తడిసిన పరుపు గడ్డి నుండి వెలువడే అమ్మోనియా శ్వాసమార్గాన్ని దెబ్బతీసి వ్యాధికి దారి ఇస్తుంది. గడ్డిని తరచు మార్చాలి, గాలి ఆడనివ్వాలి. గినీ పిగ్‌ను కుందేలుతో కలిపి ఉంచరాదు. కుందేలులో ఏ లక్షణమూ చూపని బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా గినీ పిగ్‌కు న్యుమోనియా కలిగిస్తుంది.