రైలుబండి చిత్రములు - నిషేధపు నీడలు

ప్లాటుఫారము చివర నిలిచి, వచ్చుచున్న ఇంజనుకు కెమెరా నెక్కుపెట్టిన యువకుని భుజముపై పోలీసు చేయి పడుట మన స్టేషన్లలో అరుదు గాదు. "ఎవరి అనుజ్ఞతో తీయుచున్నావు?" ఒక స్టేషనులో ఎవ్వరును పట్టించుకొనని పని మరియొక స్టేషనులో నేరమగుచున్నది. ఇదేమి న్యాయము?

ఇంజను సంఖ్య, అది చేరిన షెడ్డు, లాగుచున్న పెట్టెలు, వీనిని వ్రాసికొని, చిత్రములు తీసి తోడివారితో పంచుకొను వేడుకరులు నేడు దేశమంతటను గలరు. ఇది బాలుర చేష్టయని పెద్దలు నవ్వుదురు. నవ్వుటకు ముందు నౌపడా - గుణుపురము చిన్నబండిని తలచుకొనుడు. నౌపడానుండి పర్లాకిమిడికి 1900 లో ఆ సంస్థానాధీశుడు వేయించిన రెండున్నర అడుగుల యిరుకుదారి యది. 1931 నాటికి గుణుపురము చేరినది. 2004 లో దానిని మూసి, 2011 లో పెద్దదారిగా తెరచిరి. ప్రయాణికులకు మేలే జరిగినది. అందుకు మేము వగవము. కాని ఆ బండి యెట్లుండెడిదని మనుమడు తాత నడిగినచో చూపుటకేమున్నది? ప్రదర్శనశాలలో నిలిపిన ఇంజను కళేబరము మాత్రమే. అది కదలిన తీరు, ఎక్కిన జనము, ఆగిన స్టేషను చూరు, ఇవి చాలవరకు వేడుకకై వెళ్లి తీసినవారి చిత్రములలోనే మిగిలినవి. రాజమహేంద్రవరమున 1900 లో తెరచిన గోదావరి పాతవంతెన 1997 లో విశ్రమించినది. వంతెన నేటికిని నిలిచియున్నది; దానిమీద బండి మాత్రము చిత్రములలోనే నడచును.

చిత్తరంజను కర్మాగారమున 1970 లో వెలువడిన కడపటి పెద్దదారి ఆవిరి ఇంజనుకు 'అంతిమ సితార' యని పేరు పెట్టిరి. 1995 తో పెద్దదారిమీద ఆవిరిబండ్ల నిత్యప్రయాణము ముగిసినది. ఇపుడు డీజిలు వంతు వచ్చినది. కాశీ కర్మాగారము 1964 నుండి పంపిన ఇంజన్లు, విద్యుత్తీగలు వచ్చినకొలదిని తుక్కునకు పోవుచున్నవి. పెరంబూరులో 1955 నుండి చేసిన పాతరకపు పెట్టెల నిర్మాణము 2018 లో ఆగినది. నేడు తీయని చిత్రము రేపు తీయ వలనుపడదు.

శంకకు మూలమెక్కడ? 1923 నాటి అధికార రహస్యముల చట్టము, ప్రభుత్వము గెజెటులో ప్రకటించిన రైలుమార్గములను నిషిద్ధస్థలములుగా నెంచుచున్నది. అది పరప్రభువులు ప్రజలను నమ్మక చేసిన శాసనము. ప్రకటనయే లేని చోటులందును దాని నీడ కానిస్టేబుల మనసులో నేటికిని వ్రాలుచున్నది. ఉపగ్రహములు తీసిన రైలుకట్టల చిత్రములు ఇంట కూర్చున్నవారికే దొరకుచుండ, శత్రువునకు ఈ పిల్లవాని కెమెరాతో పనియేమి?

పట్టాలమీదికి దిగి, వచ్చుబండి యెదుట తన ముఖమునే చిత్రించుకొను వాని సంగతి వేరు. రైలుదారిపై అక్రమప్రవేశమునకు 1989 రైల్వే చట్టపు 147 వ సెక్షను ఆరు నెలల ఖైదు గాని వేయి రూపాయల జరిమానా గాని విధింపవచ్చునన్నది. అట్టివానిని శిక్షింపుడు, మేమడ్డము రాము.

చిత్రము తీయరాని తావులేవో అచ్చట తెలుగులో స్పష్టముగా బల్ల కట్టుడు. తక్కిన ప్లాటుఫారములపై టిక్కెట్టు కొన్నవానిని వాని మానమున విడువుడు. ఇక డీజిలు ఇంజన్లను తుక్కునకు సాగనంపు ముందు, అధికారులు ఒక్క ఆదివారము షెడ్డు ద్వారములు తెరచి ఈ వేడుకరులను లోనికి రానిత్తురా? ఖజానాకు ఇందువలన దమ్మిడీ నష్టము లేదు.