ఎవలొద్దన్నరు?

ఆ మధ్య కోకాపేటలో ఒక మిత్రుడి గృహప్రవేశానికి వెళ్లాను. ఇరవై ఏడో అంతస్తు. బాల్కనీలో నిలబడితే ఒకవైపు గండిపేట నీళ్లు, ఇంకోవైపు నియోపొలిస్ క్రేన్లు. గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదు. తెచ్చిపెట్టుకున్న ఇత్తడి గిన్నె ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదని ఆఖరి నిమిషంలో తెలిసింది. స్టీలు గిన్నెలో పాలు పెట్టి అందరం చుట్టూ చేరాం. పొంగు రానే వచ్చింది. పాలు బటన్ల మీద పడగానే స్టవ్ కీచుమని అరిచి ఆగిపోయింది. తూర్పువైపే పొంగాయని పంతులుగారు తేల్చేశాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మిత్రుడి తల్లి కరీంనగర్ దగ్గరి పల్లెటూరి మనిషి. ఆ పాలే చిన్న గ్లాసులో పోసి నా చేతికివ్వబోయింది.

"వద్దమ్మా, నేను పాలు తాగను."

"చాయ పెట్టిస్త తియ్యి."

"చాయల గూడ పాలే గదమ్మా."

"షుగరా బిడ్డా?"

"కాదమ్మా."

"మాలేసుకున్నవా?"

"లేదు."

ఆమె గ్లాసు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "మరి ఎవలొద్దన్నరు?"

నేను వీగన్‌గా మారి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నాకెదురైన ప్రశ్నలన్నిటినీ పిండితే వచ్చేది ఆ రెండు ముక్కలే. మన దగ్గర మనిషి ఏదైనా మానేశాడంటే వద్దన్నవాడు ఒకడుండాలి. దేవుడైనా ఉండాలి, డాక్టరైనా ఉండాలి. అయ్యప్ప మాల వేసుకున్నవాడికి 41 రోజులు లోకమంతా దారిస్తుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లిఫ్టుల్లో నల్లబట్టలతో, చెప్పుల్లేని కాళ్లతో, మెడలో మాల మీద ఆఫీసు ట్యాగుతో నిలబడ్డ ఇంజినీరును మేనేజరు కూడా "స్వామీ, కాల్‌కి వస్తారా" అనే పిలుస్తాడు. కార్తీకమంటే మటన్ గిన్నె అటక ఎక్కుతుంది. షుగరంటే చక్కెర లేని చాయ వేరే గ్లాసులో వస్తుంది, దాని వెనకే మెంతుల చిట్కా కూడా వస్తుంది. ఎవరూ వద్దనకుండా, గడువంటూ లేకుండా, తనంతట తాను మానుకున్నవాడికే మన బంతిలో విస్తరి లేదు.

ఒక శ్రేయోభిలాషి నాకు ఉపాయం చెప్పాడు. "కాశీకి పోయినప్పుడు పాలు వదిలేశానని చెప్పు, ఒక్కడూ నోరెత్తడు." నిజమే. మా పెద్దమ్మ కాశీలో కాకరకాయ వదిలి వచ్చింది. ఆమెకు పుట్టినప్పటి నుంచీ కాకరకాయ పడదని అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ అడగలేదు.

పేరుతో కూడా చిక్కే. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన స్నేహితులు పాలూ గుడ్లూ ముట్టని శాకాహారుల కోసం ఈ మాట పుట్టించారు. మా బాబాయికి చెబితే, "వీగన్ అంటే? వీగిపోయినోడా?" అన్నాడు. శాకాహారి అని సర్దుకుందామంటే, తెలుగులో శాకాహారికి పెరుగన్నం లేనిదే భోజనం ముగియదు. పైగా మనమున్నది తెలంగాణలో. 2014 నాటి ఎస్ఆర్ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం ఇక్కడ దాదాపు 99 శాతం మంది మాంసాహారులు. దేశంలో అదే అత్యధికం. ఇక కోకాపేట సంగతి మరీ ముచ్చట. గొర్లు కాసిన కురుమల కోసం దొడ్డి కొమరయ్య పేరిట కట్టిన భవనం ఈ ఊళ్లోనే ఉంది. వెన్నదొంగ కోసం 400 అడుగుల హరేకృష్ణ టవర్‌కు 2023లో శంకుస్థాపన జరిగిందీ ఇక్కడే. అదే ఏడాది వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందీ ఇక్కడే. మందకు, వెన్నకు, కోట్లకు చోటున్న ఊళ్లో పాలు లేని చాయకు చోటు వెతుక్కుంటున్నాను.

నేనెందుకు మానానో చెప్పాలి కదా. మా ఇంట్లో రెండు బర్రెలుండేవి. ఒకసారి దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కుక్కి, నాలుగు కర్రలు పెట్టి తల్లి ముందు నిలబెట్టారు. బర్రె దాన్ని నాకుతూ చేపేది. అమ్మ పాలు పిండుకునేది. పనయ్యాక నేనే ఆ బొమ్మదూడను ఎత్తుకెళ్లి పాకలో మూలకు ఆనించేవాణ్ని. చాలా తేలిగ్గా ఉండేది. నలభై దాటాక ఒకరోజు, ఎందుకో తెలియదు, ఆ తేలిక చేతుల్లోకి మళ్లీ వచ్చింది.

అయితే నా స్కూలు ఫీజులు కట్టింది పదిహేను రోజులకోసారి వచ్చే పాలబిల్లే. పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలోనే మొదటిది. ఆ మొదటి స్థానం వెనక మా అమ్మలాంటి కోట్లమంది ఆడవాళ్ల తెల్లవారుజాములున్నాయి. గేదెమాంసం ఎగుమతిలోనూ మనం ముందు వరసలోనే ఉన్నాం. ఈ రెండూ ఒకే పాకలోంచి బయటికొస్తాయన్నది నిజం. అయినా ఆ పాక మీద బతికేవాళ్లకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు. నేను వద్దన్నది నా గ్లాసు వరకే.

ఆ గ్లాసు వరకు పాటించడమూ తేలిక కాదు. సూపర్ మార్కెట్లో బిస్కెట్ ప్యాకెట్‌ను కళ్లద్దాలు పైకెత్తి చదివే మనిషి కనిపిస్తే అది నేనే. ముందువైపు పచ్చచుక్క ఉంటుంది. మన చట్టం లెక్కలో పాలూ, తేనే, మైనమూ, లక్క కూడా పచ్చచుక్క కిందికే వస్తాయి. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసిన్ దాక్కుని ఉంటాయి. వీగన్ ఆహారానికంటూ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఆకుపచ్చ 'వి' గుర్తు వచ్చింది. కానీ అది కనిపించే ప్యాకెట్లు ఖరీదు గల్లీలో ఉంటాయి. ఓట్స్ నుంచి తీసిన ద్రవం లీటరు కొనాలంటే పాలప్యాకెట్ ధరకు నాలుగైదు రెట్లు పెట్టాలి.

హోటల్లో ఇంకో రకం. "దోసె మీద నెయ్యి వద్దు" అంటే, "వెయ్యలేదు సార్, కొంచెమే వేశా" అంటాడు. వెజ్ బిర్యానీలో పెరుగు, నాన్‌లో పాలు, పప్పు తాలింపులో నెయ్యి. పక్క టేబుల్ మీదున్న మటన్ బిర్యానీని ఎవరూ పట్టించుకోరు. వింతజంతువును నేనే.

విచిత్రమేమిటంటే తిండి అసలు కష్టమే కాదు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి ఏడాది బాదం పాలూ, సోయా చీజూ అని జీతం తగలేశాను. తర్వాత మా వంటింట్లోకే తిరిగి చూసుకున్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి, గోంగూర, నువ్వులపొడి, ఉగాది పచ్చడి. వీటిలో పాలచుక్క ఎక్కడుంది? సద్దుల బతుకమ్మ నాటి సద్దుల్లో పెరుగు సద్దిని పక్కన పెడితే పులిహోర, కొబ్బరి, నువ్వుల సద్దులు నావే. మన అమ్మమ్మలు పేరు పెట్టకుండానే సగం వీగన్ వంట వండారు.

మిగిలింది పెరుగు. అదీ పల్లీలతో సాధించాను. రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండాలి. వచ్చిన పాలను అడుగంటకుండా కాచి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. పచ్చిమిరపకాయల తొడిమలు నాలుగు వేసి మూతపెడితే ఎండాకాలంలో ఎనిమిది గంటల్లో తోడుకుంటుంది. కాస్త పల్లీల వాసన ఉంటుంది. అల్లం, కరివేపాకు దంచి మజ్జిగ చేస్తే అది కూడా పోతుంది. మా ఇంట్లో చుట్టాలు రెండు గ్లాసులు తాగాకే నిజం చెబుతాను.

ఒక్కచోట మాత్రం దెబ్బతిన్నాను. రెండో ఏడు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. రక్తపరీక్షలో బి12 అడుగంటింది. బి12ను తయారుచేసేది బ్యాక్టీరియా. ఆకుకూర ఎంత తిన్నా రాదు. మాత్ర వేసుకోవాల్సిందే. 'ప్రకృతి అన్నీ ఇస్తుంది' అని వాట్సాప్‌లో చెప్పేవాళ్లు మన నరాలకు బాధ్యత తీసుకోరు. ఫోలిక్ ఆమ్లమనే మరో విటమిన్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. విటమిన్‌ను సీసాలోకి తెచ్చిన మనిషి ఊరివాళ్లం, మాత్ర వేసుకోవడానికి మనకు మొహమాటమెందుకు?

కాబట్టి కష్టం కంచంలో లేదు, చేతులు చాచే దగ్గర ఉంది. ఇక్కడ తప్పంతా అవతలివాళ్లదే అనను. మన నేల మీద 'మీ ఇంట్లో తినను' అన్న మాటకు పాత గాయముంది. ఫలానావాళ్ల ఇంట నీళ్లు ముట్టనన్న కులం ఆ మాటనే వాడుకుంది. ఇప్పటికీ అద్దె ఇళ్ల దగ్గర 'వెజిటేరియన్స్ ఓన్లీ' అన్న షరతు అదే మాటను ఇంగ్లీషులో అంటోంది. నేను గ్లాసు వెనక్కి జరిపితే ఎదుటి మనిషికి ఏ జ్ఞాపకం తగులుతుందో నాకేం తెలుసు? అందుకే వీగన్ అన్నవాడు మొదట నేర్చుకోవలసింది మడికీ జాలికీ తేడా చూపించడం. మడి మనుషులను దూరం పెడుతుంది. నా పట్టింపు గ్లాసులోని పాలతో, గ్లాసు ఇచ్చిన చేతితో కాదు. వాళ్ల ఇంట్లో నీళ్లు అడిగి తాగాలి. వాళ్ల వంటే తినాలి. వాళ్ల కంచంలోని మాంసం మీద ఉపన్యాసమివ్వకూడదు.

పెట్టేవాళ్లు నేర్చుకోవలసింది కూడా ఒకటుంది. 1990ల తొలినాళ్లలో, అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ సతీమణి జానకి, పురుగును చంపకుండా పట్టుచీర నేయలేరా అని చేనేత సహకార సంస్థ ఆప్కోలో అడిగారు. అక్కడ పనిచేస్తున్న కుసుమ రాజయ్య ఆ మాట పట్టుకున్నారు. గూళ్లను ఉడకబెట్టకుండా, పురుగు రెక్కలొచ్చి బయటికి వెళ్లిపోయాక మిగిలిన గూళ్ల నుంచి దారం తీశారు. అదే అహింసా పట్టు. ఆలస్యమైంది, ఖర్చు పెరిగింది, మామూలు పట్టంత మెరుపూ లేదు. నాబోటి వీగన్లు కొందరు దాన్నీ కట్టుకోరు, అది వేరే తగువు. నన్ను పట్టుకున్నది ఆయన తీరు. ఎవరు వద్దన్నారని ఆరా తీయడం దగ్గర ఆగిపోకుండా, మరెలా చేద్దామనే వైపు నడిచారు.

గృహప్రవేశం నాటి ఆ తల్లీ అంతే. నేను బొమ్మదూడ కథ చెప్పాను. మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లింది. "బర్రె గోస నాకు ఎర్కలేదా" అని గొణగడం వినిపించింది. కాసేపటికి ఒక పళ్లెం తెచ్చింది. "సకినాలు. నూనెలనే కాల్చిన. గివి తినొచ్చునా?" మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. ఈ రెండో ప్రశ్న అడిగేవాళ్ల ఇంటికే నేను మళ్లీ వెళతాను.

అయితే ఈ రెండో ప్రశ్న నా మెడకూ చుట్టుకుంటుందని కిందటి నెల తెలిసొచ్చింది. ఊరి నుంచి నాన్న వచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్లు. తెల్లవారి ఐదింటికి చాయ పడకపోతే ఆయనకు తెల్లారదు. ఫ్రిజ్‌లో పల్లీల పాలున్నాయి. వాటితో చాయ పెట్టి ఎలా ఉందని అడుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. వద్దనుకుని, చెప్పులేసుకుని కిందికి దిగాను. ఆరేళ్ల తర్వాత నా చేత్తో అర లీటరు పాలప్యాకెట్ కొన్నాను. మరిగించి, ఆకు వేసి, రుచి చూడలేను కాబట్టి చక్కెర అందాజాగా వేసి తెచ్చిచ్చాను.

నాన్న ఒక గుటక తాగి, "చక్కెర తక్కువైంది" అన్నారు.

మళ్లీ వేసి తెచ్చాను.

– గండిపేట బాటసారి