వరికాడలోని సవ్వడిని వెలుగుతో పట్టవచ్చును
(ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (అగ్రి.))

వరి పండించు రైతుకు సుడిదోమ ఎంతటి శత్రువో చెప్పనక్కరలేదు. పైరు పచ్చగా, ఏపుగా ఉన్నదని సంతోషించుచుండగనే మడి నడుమ సుడులు సుడులుగా ఎండిపోవును. ఈ దోమ నీటికి కొంచెము పైన, దుబ్బు మొదట చేరి రసము పీల్చును. గట్టుమీద నిలిచి చూచువారికి కనిపించదు.

మొన్నటి పంటకాలములో ఒక గ్రామమునకు వెళ్ళితిని. అచ్చటి పెద్దరైతు ఒకరు అప్పటికే మూడుసార్లు మందు కొట్టించియున్నారు. "పురుగు ఉన్నదో లేదో మాకెట్లా తెలుస్తుందండీ? పక్కచేనివాడు కొట్టాడు, నేనూ కొట్టించాను" అన్నారు. మందు ఆకుల కొనలమీద పడినది; దోమ మొదట్లో క్షేమముగా ఉన్నది. వారి తప్పెన్నుటకు ఇది వ్రాయుటలేదు. వారడిగిన ప్రశ్న సరియైనది. సమాధానము చెప్పవలసినవారము మేము.

సుడిదోమ మూగది కాదు. ఆడదోమ పొట్టను ఊగించి వరికాడను కంపింపజేయును. ఆ కంపనము కాడవెంట ప్రాకి మగదోమకు చేరును. జపాను శాస్త్రజ్ఞులు ఇచికావా, ఇషీ గార్లు 1974లో ఈ సంగతిని ప్రకటించిరి. సవ్వడి కాడలో సాగును గనుక మన చెవికి అందదు.

దానిని పట్టుటకు లేజరు వెలుగు పనికివచ్చును. దగ్గరకు వచ్చు రైలు కూత హెచ్చుగాను, దూరమగు రైలు కూత తగ్గుగాను వినబడును గదా! అట్లే కదలుచున్న ఆకునుండి తిరిగివచ్చు వెలుగు యొక్క పౌనఃపున్యము రవ్వంత మారును. ఆ మార్పును కొలిచి కంపనమును లెక్కగట్టుదురు. ఆకును తాకనక్కరలేదు. లేత ఆకుకు పరికరమును అంటించినచో దాని బరువే కదలికను మార్చివేయును.

అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయములో ఆపెల్, కాక్రాఫ్ట్ గార్లు గొంగళిపురుగు ఆకును కొరుకు కంపనమును ఈ రీతినే నమోదు చేసిరి. పురుగు లేకుండ ఆ కంపనమును మాత్రమే మొక్కకు వినిపించిరి. తరువాత పురుగు కొరికినప్పుడు ఆ మొక్కలో రక్షక రసాయనములు హెచ్చుగా తయారైనవి. గాలి కదలికకు అట్లు కాలేదు. ఇది 2014లో ప్రకటితమైనది. ఇటలీలోని సాన్ మికేలె వద్ద 2017లో ఒక ద్రాక్షతోటలో తీగల ద్వారా కంపనములు పంపి, ఆకుదోమల జతకూడికను చెరచు పద్ధతిని ప్రారంభించిరి.

"ఇది సంపన్న దేశముల ముచ్చట" అని కొందరనవచ్చును. వరిమడిలో ద్రాక్షతోట తీగలు లేవు. గాలి ఊపు హెచ్చు. పరికరము వెల అధికము. ఇవన్నియు నిజమే. రైతు దీనిని కొనవలెనని నేననను. కాని మన వరి పరిశోధనా క్షేత్రములలో ఒక్కచోటనైనను దీనిని ఉపయోగించి, మన దోమ సవ్వడిని గుర్తించి, పిమ్మట చౌకగా పొలములో పనిచేయు సాధనమును రూపొందింప యత్నించవలెనని నా అభిప్రాయము. అక్కరలేని మందులపై పోవు రైతు సొమ్ముతో పోల్చిన ఈ వ్యయము వృథా కాదు.

అంతవరకు రైతు కన్నే సాధనము. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయుడు. యూరియా మితిమీరనీయకుడు. అప్పుడప్పుడు నీరు తీసి మడిని ఆరబెట్టుడు. దోమను మరింత పెంచు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడకుడు. దుబ్బు విడదీసి మొదలు చూడనిదే పంపు భుజమున కెత్తకుడు.